ట్రైనింగ్‌కి కుక్కను పంపాలా, ట్రైనర్‌నే ఇంటికి పిలవాలా?

ఎనిమిది నెలల లాబ్రడార్ గేటు తీస్తే చాలు వీధిలోకి దూకుతుంది. ఇంటికొచ్చినవాళ్ల మీద రెండు కాళ్లూ వేస్తుంది. బెల్టు పట్టుకున్న మనిషిని ఈడ్చుకుపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు, నెల రోజులు ట్రైనింగ్ హాస్టల్లో వేసేయండి, చెప్పినమాట వినే కుక్కై వస్తుంది అని. ఆ మాటలో సగం నిజముంది. కుక్క నేర్చుకునే వస్తుంది. మీ మాట వింటుందా లేదా అన్నది మాత్రం అది తిరిగొచ్చాక మీ ఇంట్లో గడిచే మొదటి రెండు మూడు వారాల్లో తేలుతుంది.

మీ ముందున్న దారులు నాలుగు. కుక్కను పంపి అక్కడే ఉంచడం, ట్రైనర్‌ను ఇంటికి రప్పించుకోవడం, పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునే డే ట్రైనింగ్, మీరే నేర్పుకోవడం. పార్కులో నాలుగైదు కుక్కలకు కలిపి చెప్పే గ్రూపు క్లాసు వీటిలో దేనికైనా తోడుగా బావుంటుంది. ఇంట్లో కూర్చోమంటే కూర్చోని కుక్క పది కుక్కల మధ్య అసలే కూర్చోదు కాబట్టి దాంతో మొదలుపెట్టకండి. విజయవాడ, గుంటూరుల్లో ఎక్కువ ఇళ్లకు ఇంటికొచ్చే ట్రైనరే సరైన ఎంపిక అన్నది మా అభిప్రాయం. పంపడం కొన్ని కుక్కలకే, కొన్ని ఇబ్బందులకే పనిచేస్తుంది. అవేవో ముందు చూద్దాం.

అసలు మీ ఇబ్బంది ఏమిటి?

కుక్క "సిట్" అన్న మాటను విడిగా నేర్చుకోదు. ఆ చోటు, ఆ నేల, ఆ మనిషి నిలబడే తీరు, అతని జేబులోంచి వచ్చే చికెన్ వాసన అన్నీ కలిపి నేర్చుకుంటుంది. ట్రైనింగ్ హాస్టల్ షెడ్డు ముందు మట్టినేల మీద ఠక్కున కూర్చున్న కుక్క, పటమటలో మీ మూడో అంతస్తు ఫ్లాట్లో టైల్స్ మీద మీ అమ్మగారు చెబితే మొహం చూస్తూ నిలబడుతుంది. అది పొగరు కాదు. ఆ పాఠం దానికి ఇంకా ఇక్కడ చెప్పలేదు, అంతే.

అందుకని ఇంటితో ముడిపడ్డ ఇబ్బందులకు పంపడం మందు కాదు. ఇంట్లో ఉచ్చ పోస్తుందని పంపితే, కెన్నెల్‌లో నేల కడిగే పద్ధతి వేరు కాబట్టి అలవాటు ఇంకా చెడి రావచ్చు. మీరు బయటికెళ్తే ఏడ్చి తలుపు గీరే కుక్క అక్కడ మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దాన్ని వదిలి వెళ్లడానికి మీరు లేరు. ఇంటికొచ్చిన మర్నాడే ఏడుపు మళ్లీ మొదలు. కాలింగ్ బెల్ మోగితే గోల చేయడం, గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమనడం కూడా ఇంట్లోనే సర్దాలి.

పిరికి కుక్కను, టపాసుల శబ్దానికి మంచం కిందికి దూరే కుక్కను అసలు పంపొద్దు. తెలియని చోట, తెలియని మనుషుల మధ్య భయం రెట్టింపవుతుంది. మనిషిని కరిచిన కుక్కైతే ట్రైనర్ కన్నా ముందు పశువుల డాక్టరు చూడాలి. చెవిలో చీము, తుంటి నొప్పి, పంటి నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే కరుస్తుంది. నొప్పి పోకుండా ఏ ట్రైనింగూ ఎక్కదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రిలో చూపించవచ్చు.

బెల్టు లాగడం, మీదికి ఎక్కడం, కూర్చోవడం, పడుకోవడం, ఆగమంటే ఆగడం, పిలిస్తే రావడం, ఇవి బయట నేర్పించి ఇంటికి తెచ్చుకోదగినవి. కుక్కకు ఆరు నెలలు దాటి, కొత్తవాళ్లతో కలిసిపోయే స్వభావమై, ఒంట్లో బలం ఎక్కువై, ఇంట్లోవాళ్లు మొదట్లో దాన్ని పట్టుకోలేని పరిస్థితి ఉంటే పంపడంలో అర్థముంది. ఉదాహరణకు 35 కిలోల రాట్‌వీలర్, ఇంట్లో 60 దాటిన ఇద్దరు పెద్దవాళ్లు. లేదా ఎలాగూ నెల రోజులు ఊళ్లో ఉండరు, బోర్డింగ్ తప్పదు, దాంతోపాటు ట్రైనింగ్ కూడా అనుకుంటే సరే.

కుక్కపిల్లల సంగతి వేరు. మూడో వారం నుంచి దాదాపు 14వ వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే వయసు. ఆటో శబ్దం, కుక్కర్ విజిల్, పిల్లల అరుపులు, వాచ్‌మన్ టోపీ అన్నీ అప్పుడే అలవాటు కావాలి. పైగా టీకాల వరస 16 వారాలకు గానీ పూర్తికాదు. ఆ లోపు నలుగురి కుక్కలున్న షెడ్డుకు పంపితే పార్వో, అంటే ప్రాణం తీసే వాంతుల విరేచనాల జబ్బు, తెచ్చుకున్నట్టే.

ఫీజు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి

ప్యాకేజీ ఎంత అని అడిగేకంటే, మా కుక్క బెల్టు రోజుకు ఎన్ని నిమిషాలు ట్రైనర్ చేతిలో ఉంటుంది అని అడగండి. పూటకు పావుగంట చొప్పున రెండు పూటలు, ఆదివారాలు పోగా నెలకు 26 రోజులు అంటే 13 గంటలు. ఇంటికొచ్చే ట్రైనర్ వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు, ఎనిమిది వారాలు వస్తే 18 గంటలు. నెలంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఎక్కువ నేర్చుకుంటుందన్న నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. మిగతా వేళంతా కుక్క గదిలో పడుకునే ఉంటుంది. ఫీజులోంచి తిండి, వసతి ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని ఈ గంటలతో భాగించి చూస్తే ఏది చవకో మీకే తెలుస్తుంది.

తర్వాత, ఒక్క ట్రైనర్ ఎన్ని కుక్కలు చూస్తున్నాడో అడగండి. 12 కుక్కలకు తలా అరగంట అంటే ఆరు గంటలు. దానికితోడు రెండు పూటలా తిండి పెట్టడం, షెడ్డు కడగడం, అన్నింటినీ బయటికి తిప్పడం. మే నెలలో బెజవాడ ఎండకు కుక్కతో పని చేయగలిగింది పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఆరు దాటాక మాత్రమే. ఆ కాస్త సమయంలో ఆరు గంటల పని పట్టదు. పట్టిందని చెబితే ఏదో ఒక కుక్కకు పాఠం జరగట్లేదనే అర్థం.

చూడకుండా పంపొద్దు, అదీ మధ్యాహ్నం రెండింటికి చూడాలి

పొద్దున పూట ఏ షెడ్డయినా బావుంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య వెళ్లండి. పైన రేకులేనా, రేకుల కింద తడకలో, థర్మోకోల్ పలకలో ఉన్నాయా? ఫ్యాన్లు కుక్కలవైపు తిరుగుతున్నాయా, ఖాళీ గోడవైపు తిరుగుతున్నాయా? కరెంటు పోతే ఫ్యాన్లు దేనిమీద నడుస్తాయి? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో వట్టి రేకుల షెడ్డు కింద పగ్‌నో, షీట్జూనో, బొచ్చు ఎక్కువుండే హస్కీనో ఉంచడం ప్రాణం మీదికి తెచ్చేదే. ముక్కు చప్పిడిగా ఉన్న జాతులను ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఎక్కడికీ పంపకండి. ఏసీ గది ఉందంటే, ఆ గది తలుపు తీయించి లోపల నిలబడి చూడండి.

నీళ్ల గిన్నెలో వేలు పెట్టి చూడండి. జారుడుగా పాచి తగిలితే ఆ గిన్నె ఎప్పుడు కడిగారో ఊహించుకోవచ్చు. గదికీ గదికీ మధ్య గోడ ఉందా, వట్టి మెష్షేనా? మెష్ మాత్రమే ఉంటే ఒక కుక్క దగ్గితే పక్కవన్నీ దగ్గుతాయి. గేటు ఒకటేనా, రెండా? కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా గేటు దగ్గరే, తిండి పట్టుకొచ్చిన మనిషి ఒక చేత్తో తలుపు నెట్టే క్షణంలో. లోపలొకటి, బయటొకటి గేట్లుంటే ఆ భయం ఉండదు.

కాలవ పక్కనో, పల్లంలోనో ఉన్న షెడ్డయితే వాన నీళ్లొస్తే కుక్కలను ఎక్కడికి తరలిస్తారో తప్పకుండా అడగండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తాళం వేసిన గదిలోని కుక్క తనంతట తాను మేడెక్కలేదు. నీళ్లు తీసిన తర్వాత కూడా ఎలుకల ఉచ్చ కలిసిన బురద నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు.

అన్నింటికంటే ముఖ్యం, అక్కడ రెండు వారాలుగా ఉంటున్న ఒక కుక్కతో మీ ఎదురుగా పని చేయమని అడగడం. అప్పుడు ట్రైనర్‌ను కాదు, కుక్కను చూడండి. బెల్టు తీసుకుని దగ్గరికెళ్తే తోక వదులుగా ఊపుతూ వచ్చిందా, లేక ఒళ్లు నేలకు ఆనించి, తోక కాళ్ల మధ్య దాచుకుని, పెదాలు నాక్కుంటూ వచ్చిందా? అతను తల గోక్కోవడానికి చెయ్యి ఎత్తితే చెవులు వెనక్కి అంటుకుని కళ్లు మూసుకుందా? చెప్పినట్టల్లా టక్కుటక్కుమని చేస్తూనే మాటిమాటికీ ఆవులిస్తూ మొహం పక్కకు తిప్పుకుంటుంటే అది క్రమశిక్షణ కాదు, బెదురు. అలాంటి చోట మీ కుక్కను ఒక్క పూట కూడా వదలొద్దు.

దెబ్బ, గొలుసు, షాక్ కాలర్

మెడకు బిగుసుకునే గొలుసు, లోపలికి ముళ్లున్న కాలర్, కరెంటు షాకిచ్చే కాలర్, కర్ర. వీటితో ఫలితం త్వరగా కనిపిస్తుంది, వీడియోలో ఇంకా బావుంటుంది. కానీ కుక్క నేర్చుకునేది, ఈ మనిషి ఉంటే చెయ్యకూడదు అనే. ఆ మనిషి లేని మీ ఇంట్లో పాత పనులన్నీ తిరిగొస్తాయి. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం మాత్రం పోదు. అలాంటిది ఏ హెచ్చరికా లేకుండా నేరుగా కరవవచ్చు, ఇంట్లో పిల్లల్ని కూడా. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో, అన్ని రకాల కుక్కలకూ, అన్ని రకాల ఇబ్బందులకూ బహుమతి పద్ధతే, అంటే సరిగ్గా చేస్తే ఏదైనా ఇచ్చి నేర్పడమే, వాడాలని ప్రకటించింది. వేల్స్‌లో షాక్ కాలర్ల మీద 2010 నుంచే నిషేధం ఉంది. మన దగ్గర కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కుక్కను కొట్టి హింసించడం నేరం.

కాబట్టి ట్రైనర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. సరిగ్గా చేస్తే కుక్కకు ఏమిస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? అయినా వినకపోతే ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలు జవాబు. దూరం పెంచుతాను, సులువు చేస్తాను, మళ్లీ మొదటి మెట్టుకొస్తాను అంటే పని తెలిసినవాడు. దాని సంగతి మాకు వదిలేయండి సార్ అంటే వదిలేయకండి. వంద శాతం గ్యారంటీ అన్నవాళ్ల దగ్గరా ఆగొద్దు. ప్రాణమున్న జీవి ప్రవర్తనకు ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఇంటి కాపలాకు అటాక్ ట్రైనింగ్ ఇప్పిస్తామంటే వద్దనండి. పక్కింటి పిల్లలు బంతి కోసం గోడ దూకే వీధుల్లో మీద పడి కరవడం నేర్పిన కుక్కను ఆపగల చెయ్యి మామూలు ఇళ్లలో ఉండదు. దొంగకు కుక్క అరుపు చాలు.

పంపాలని తేలితే, ముందు చేసుకోవాల్సినవి

ఏటా వేయించే అన్ని టీకాలూ, రేబిస్ టీకా తేదీలు దాటిపోకుండా ఉండాలి. కెన్నెల్ దగ్గు టీకా కనీసం రెండు వారాల ముందు వేయించండి. గోమార్లు, అంటే పిడుదులు పట్టకుండా ఇచ్చే మాత్రల్లో నెల పనిచేసేవీ, మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి. ట్రైనింగ్ ఎన్నాళ్లో చూసి, బరువును బట్టి డాక్టరే ఇవ్వాలి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కైతే ఆ సంగతి ముందే చెప్పండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చే నెలలో పంపితే, అక్కడ జతకట్టి, ఆ రోజు నుంచి దాదాపు 63 రోజులకు పిల్లలు పుట్టవచ్చు.

తిండి మీరే కట్టివ్వండి. చోటూ, తిండీ ఒకేసారి మారితే విరేచనాలు పట్టుకుంటాయి, మొదటి వారం పాఠం దాంతోనే పోతుంది. రోజుకు 350 గ్రాములు తినే 30 కిలోల కుక్కకు 30 రోజులకు పదిన్నర కిలోలు. రెండు పూటలవి విడివిడిగా 60 పొట్లాలు కట్టి, పైన పేరు రాయండి. పెరుగన్నం అలవాటుంటే అదీ చెప్పండి. ఉల్లిపాయ, వెల్లుల్లి తగిలిన పప్పు, సాంబారు, కూర కలిపిన అన్నం పెట్టొద్దని కాగితం మీద రాసివ్వండి. మీరు కప్పుకున్న పాత దుప్పటి ఒకటి ఉతక్కుండా ఇవ్వండి, మొదటి రాత్రుళ్లు ఆ వాసనతో నిద్రపోతుంది.

డాక్టరు దగ్గర త్రాసు మీద నిలబెట్టి బరువు రాయించుకోండి. మెడ, మోచేతులు, అరికాళ్లు, చెవుల లోపల ఫోటోలు తీసి పెట్టుకోండి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. అందులో ఏ సాధనాలు వాడకూడదో, రోజూ పంపే వీడియో ఎంత నిడివో, ఒంట్లో బాగోకపోతే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారో, మీకు ఫోన్ కలవకపోతే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో, కుక్క తప్పిపోతే ఎవరిది బాధ్యతో రాసుకోండి. డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి, చివరి భాగం అప్పగింత క్లాసులు, అంటే కుక్క నేర్చుకున్నదాన్ని మీ చేత చేయించి చూపే క్లాసులు, పూర్తయ్యాకే. మొదటి మూడు నాలుగు రోజులు రావొద్దు, కుక్క సర్దుకోవాలి అనడం సబబే. నెలంతా రావొద్దనడం సబబు కాదు.

అప్పగింతే అసలు పని

ఈ ఒక్కటి సరిగా లేకపోతే మిగతాదంతా వృథా. కనీసం మూడు క్లాసులు అడగండి. ఒకటి వాళ్ల దగ్గరే, రెండోది మీ ఇంట్లో, మూడోది పది రోజుల తర్వాత మీ వీధిలో. ఇంట్లోవాళ్లందరూ, కుక్కకు అన్నం పెట్టే పనిమనిషితో సహా, బెల్టు పట్టుకోవాలి.

మాటల దగ్గర ఎక్కువ ఇళ్లు తప్పుతాయి. ట్రైనర్ "సిట్" అని నేర్పుతాడు. "డౌన్" అంటే పడుకోమని. ఇంట్లో కొడుకు "సిట్ డౌన్" అంటాడు, దాంతో కుక్క కూర్చోవాలో పడుకోవాలో తేల్చుకోలేదు. నాయనమ్మ "కూకోరా నాయనా" అంటుంది. పంపే ముందే మాటలు ఖాయం చేసి, అవే నేర్పమని ట్రైనర్‌కు చెప్పండి. తెలుగు మాటలైనా కుక్కకు ఒకటే. "కూర్చో", "పడుకో", "ఆగు", "రా", "వదులు", ఈ అయిదూ ఫ్రిజ్ మీద అంటించండి. పిలిచిన ప్రతిసారీ మంచే జరగాలి. "రా" అని పిలిచి స్నానం చేయిస్తే, తిడితే, నెల పాఠం నాలుగు రోజుల్లో కరిగిపోతుంది.

గేటు దగ్గర ఇలా చేయించండి. బెల్టు కట్టి గేటుకు రెండు అడుగుల దూరంలో కూర్చోబెట్టాలి. గడియ మీద చెయ్యి వేయాలి. లేస్తే చెయ్యి తీసేయాలి, అరవొద్దు. కూర్చునే ఉంటే ఒక ముక్క ఇవ్వాలి. తర్వాత గడియ చప్పుడు, తర్వాత జానెడు తెరవడం, తర్వాత సగం. లేచిన ప్రతిసారీ గేటు మూసుకుంటుంది, కూర్చున్న ప్రతిసారీ తెరుచుకుంటుంది. అయిదు నిమిషాలు మించకుండా రోజుకు నాలుగుసార్లు చేయండి. ముక్కలు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌వి, శనగగింజంత చాలు. వంద గ్రాములు తునకలు చేస్తే రోజంతా వస్తాయి. ఆ మేరకు అన్నం తగ్గించండి.

ఇంటికొచ్చే ట్రైనర్‌ను ఎంచుకున్నా ఇదే కొలత. అతను కుక్కను వీధి చివరిదాకా తిప్పుకొస్తూ మీరు హాల్లో ఫోన్ చూస్తుంటే, అది హాస్టల్ కన్నా మెరుగేమీ కాదు. 45 నిమిషాల్లో పావుగంట అతను చూపించాలి, అరగంట మీరు చేస్తుంటే సరిదిద్దాలి. దగ్గర్లో డే ట్రైనింగ్ దొరికితే అది రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది, రాత్రి కుక్క ఇంటికొచ్చి నేర్చుకున్నది ఇక్కడా చేస్తుంది. మీకే రోజుకు 20 నిమిషాల తీరికుండి, కుక్క చిన్నదై, ఇబ్బంది బెల్టు లాగడమంతటిదే అయితే మీరే మొదలుపెట్టండి. బెల్టు బిగుసుకోగానే చెట్టులా ఆగిపోండి, వదులుకాగానే నడవండి. మొదటి వారం బెంజ్ సర్కిల్లోనో, బ్రాడీపేట మెయిన్ రోడ్లోనో కాదు, మీ మేడమీద.

తిరిగొచ్చిన రోజు

అక్కడే బరువు తూయించండి. 30 కిలోల కుక్క మూడు కిలోలు తగ్గితే పదో వంతు పోయినట్టు, తప్పకుండా డాక్టరుకు చూపించాలి. మెడ చుట్టూ వెంట్రుకలు రాలి చారలా ఉంటే గొలుసు వాడి ఉండవచ్చు. మోచేతులు ఒరుసుకుపోతే గచ్చు మీదే పడుకోబెట్టి ఉండవచ్చు. పాత ఫోటోలతో పోల్చి చూసి, తేడా ఉంటే అప్పుడే కొత్త ఫోటోలు తీసుకోండి. గాయపరిస్తే పోలీసు ఫిర్యాదుకు, ఒప్పుకున్న పని చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు అవే ఆధారం.

చెవుల వెనక, కాలి వేళ్ల సందుల్లో, తోక మొదట్లో గోమార్లు వెతకండి. కనిపించకపోయినా మూడు వారాల పాటు కనిపెట్టి ఉండండి, గోమారి జ్వరం కుట్టిన వెంటనే బయటపడదు. తిండి మానేసి మూలన పడుకున్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ట్రైనర్ మీద బెంగ పెట్టుకుందని అనుకోవద్దు. 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి జ్వరముంటే ఆ రోజే రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడమనండి. తగ్గేదాకా పాఠాలు ఆపేయండి.